15 ఏళ్ళ అమ్మాయి నటనలో శిక్షణకి వెళ్తానంటోంది, ఇంట్లో వాళ్ళం ఏం చెయ్యాలి?

వేకువ:

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 15 ఏళ్ళు. చిన్నప్పటి నుంచీ నాటకాలంటే ప్రాణం, పాట కూడా కొంత నేర్చుకుంది. ఇన్నాళ్ళూ సరదా అనుకున్నాం. ఈమధ్య మమ్మల్ని ఇద్దరినీ కూర్చోబెట్టి, స్కూలు చదువు అయిపోయాక నటన నేర్పే కాలేజీకే వెళ్తాను, అదే నా వృత్తి అని చెప్పింది. మా ఇంట్లో ఈ రంగం తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. మా వారు వద్దనడం లేదు, సరే అనడమూ లేదు. నాకైతే వద్దనాలని లేదు. కానీ ఏం చేస్తే తనకి సాయం చేసినట్టో, ఏం చేస్తే అడ్డుపడినట్టో అర్థం కావడం లేదు.

ఇది నిజమైన కోరికో, వయసు మోజో ఎలా తెలుస్తుంది? కాలేజీకి ముందున్న ఈ రెండు మూడేళ్ళు ఏం చేయించాలి? మామూలు చదువుని ఎంతవరకు పట్టుబట్టాలి? ఈ దారిలో పిల్లల్ని పంపినవాళ్ళు, నేర్పేవాళ్ళు ఉంటే చెప్పండి.

రంగభూమి:

వేకువ గారూ, నేను చాలా కాలంగా ఈ వయసు పిల్లలకి నటన నేర్పుతున్నాను. మోజా కాదా అన్నది ప్రదర్శన రోజున తెలియదండీ. లైట్లు పడి, చప్పట్లు మోగుతుంటే పిల్లలందరికీ ఇష్టంగానే ఉంటుంది. రిహార్సల్లో గమనించండి. తనకి డైలాగు లేని సీను నడుస్తున్నప్పుడు పక్కవాళ్ళు ఏం చేస్తున్నారో చూస్తుందా, ఫోన్‌లో మునిగిపోతుందా? డైరెక్టరు "ఇలా వద్దు, ఇంకోలా చెయ్యి" అంటే మొహం చిన్నబుచ్చుకున్నా సరే, మళ్ళీ ప్రయత్నిస్తుందా? రెండు మాటల వేషం వచ్చినా టైముకి వెళ్తుందా? నాటకం అయిపోయాక సామాన్లు సర్దేదాకా ఉంటుందా? నెలల తరబడి వీటికి అవును అనే జవాబు వస్తుంటే ఆ కోరికని నమ్మొచ్చు.

ప్రతిభ ఎంతుందో తేల్చే భారం మాత్రం మీరు ఎత్తుకోకండి. 15 ఏళ్ళకి ఎవరూ తేల్చలేరు, మేమూ తేల్చలేం. శిక్షణ సంస్థలు కూడా తయారైపోయిన నటుల కోసం వెతకవు. ఆడిషన్‌లో ఒకసారి చేయించుకుని, "ఇవే మాటలు నువ్వు క్షమించలేని మనిషితో అంటున్నట్టు చెప్పు" అంటారు. రెండోసారి చేసినప్పుడు నిజంగా ఏమైనా మారిందా అని చూస్తారు. చెప్పింది విని తనలోకి తీసుకోగలిగే పిల్ల వాళ్ళకి కావాలి. ఇది ఇంట్లో నేర్పించేది కాదు గానీ, ఇంట్లో పాడుచెయ్యొచ్చు. చేసిన ప్రతిదాన్నీ అద్భుతం అనే ఇంట్లో పిల్లలకి సూచన వినడం కష్టమవుతుంది. ప్రతిదాంట్లో తప్పు వెతికే ఇంట్లో ప్రయోగం చెయ్యడానికే భయపడతారు.

ఈ రెండు మూడేళ్ళలో నాటకాలు చదివించండి. తన పాత్ర ఉన్న పేజీలే కాకుండా మొత్తం నాటకం చదవాలి. ప్రత్యక్ష ప్రదర్శనలు చూపించండి, బాగోలేనివి కూడా. ఎందుకు బాగోలేదో తనని చెప్పనివ్వండి, మీరు మధ్యలో రాకండి. శరీరానికి ఏదో ఒక సాధన ఉండాలి, నృత్యమైనా, యుద్ధకళైనా, యోగా అయినా. నటన నేర్చుకోవాలనుకునే పిల్లలు చాలామంది మెడకి పైన ఉన్న భాగంతోనే నటిస్తారు.

ఇంకో మాట. కాలేజీల అర్హతలు ఇప్పుడే చూసిపెట్టుకోండి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ళ డిప్లొమాకి ముందు డిగ్రీ పూర్తయి ఉండాలి, నాటకాల్లో పనిచేసిన అనుభవమూ అడుగుతారు. అక్కడికి వెళ్ళాలంటే స్కూలుకీ ఆ శిక్షణకీ మధ్య డిగ్రీ ఒకటి చదవాల్సిందే. లండన్‌లోని రాడాలో (రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్) నటన డిగ్రీకి 18 ఏళ్ళు నిండితే చాలు, పరీక్ష మార్కులు అడగరు, ఆడిషన్‌లోనే తేలుస్తారు. ఈ రెంటికీ తయారయ్యే పద్ధతి ఒకటి కాదు. "నటన కాలేజీ" అని గాల్లో అనుకుంటూ ఉంటే చివరి ఏడాదిలో కంగారు పడతారు. నియమాలు మారుతుంటాయి కాబట్టి ఏటా ఆ సంస్థల సొంత సైట్లలోనే చూసుకోండి.

లెక్కలమాస్టారు:

కాస్త కటువుగా ఉన్నా నా మాట కూడా ఒకటి ఉండనివ్వండి. మా అబ్బాయి పాడతాడు, బాగా పాడతాడని అందరూ అంటారు. అందరూ అనడం వల్లే నాకు భయం. కళలో శిక్షణ పొందినవాళ్ళు ఎంతమందికి ఆ పనితోనే ఇల్లు గడుస్తోంది? పిల్లవాడికి 14 ఏళ్ళప్పుడు "నీ కల నీది, వెళ్ళు" అనడం తేలిక. వాడికి 28 వచ్చి, నెల జీతం లేక, స్నేహితులంతా స్థిరపడ్డాక వాడి పక్కన కూర్చునేది ఎవరు? ముందు ఒక డిగ్రీ, చేతిలో ఒక ఉద్యోగం, ఆ తర్వాత కళ. ఇందులో అన్యాయం ఏముందో చెప్పండి.

తెరవెనుక:

మాస్టారూ, మీ భయంలో అన్యాయం ఏమీ లేదు. నేను స్టేజ్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. పని ఉన్న నెలల్లో ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, లేని నెలల్లో ఫోన్ మోగదు. నటుల్లో ఎక్కువమందికి ఇంకో ఆదాయం ఉంటుంది. పిల్లలకి ఈ మాట దాచకుండా చెప్పాలి.

కానీ చెప్పే తీరు ఉంటుంది. "ఇది కుదరకపోతే ఏం చేస్తావు?" అని వారం వారం అడిగితే పిల్లవాడికి వినిపించేది ఒకటే, నువ్వు ఓడిపోతావని మా నాన్నకి ముందే తెలుసు అని. దాని బదులు, కళాకారులు నిజంగా ఎలా బతుకుతారో కూర్చుని చూపించండి. ఆదాయం విడతలుగా వస్తే ఖర్చు ఎలా పెట్టుకోవాలి, ఒప్పందం కాగితం ఎలా చదవాలి, ఎవరికి ఎంత రావాలో ఎలా రాసిపెట్టుకోవాలి. ఇవి ఏ కాలేజీలోనూ సరిగ్గా నేర్పరు. లెక్కలు చెప్పే తండ్రి ఉన్న పిల్లవాడు ఈ విషయంలో అదృష్టవంతుడు.

ఇంకోటి. పిల్లలకి కనబడేది వేదిక మీదున్న నలుగురే. వాళ్ళ వెనక లైటింగ్ డిజైనర్, సౌండ్ ఇంజనీరు, కాస్ట్యూమ్ కట్టేవాళ్ళు, సెట్ వేసేవాళ్ళు, నిర్మాణం చూసుకునేవాళ్ళు ఉంటారు. డబ్బింగ్ కళాకారులు, సంగీతంతో చికిత్స చేసేవాళ్ళు, నర్తకుల గాయాలు చూసే ఫిజియోథెరపిస్టులు ఉంటారు. వేకువ గారూ, మీ అమ్మాయిని ఒక్క నాటకానికైనా వేషం లేకుండా తెర వెనక పనిచెయ్యమనండి. నటిగా ఆ అనుభవం జీవితాంతం పనికొస్తుంది. నాలాగే కొందరికి అదే ఇష్టమైన పనిగా మారుతుంది. నేనూ నటుడవుదామనే వచ్చాను, లైట్ల బోర్డు దగ్గర కూర్చున్న రోజు నుంచి ఇంకెక్కడా కూర్చోబుద్ధి కాలేదు.

లెక్కలమాస్టారు:

వారం వారం అడుగుతున్న మాట నిజమే. ఆలోచిస్తాను.

అన్నట్టు ఇక్కడ పాట నేర్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? కొన్ని నెలలుగా మావాడి గొంతు పగులుతోంది. పాడుతూ పాడుతూ ఒక్కసారిగా జారిపోతుంది. క్లాసుకి వెళ్ళనంటున్నాడు. గొంతు పోయిందేమో అని రాత్రి వాళ్ళమ్మ దగ్గర ఏడ్చాడట.

నాదబిందువు:

మాస్టారూ, గొంతు పోలేదు, పెరుగుతోంది. ఈ మాట ఇవాళే అబ్బాయికి చెప్పండి.

ఈ వయసులో మగపిల్లల స్వరపేటిక పెద్దదవుతుంది, స్వరతంతువులు పొడవుగా, మందంగా తయారవుతాయి. మాట్లాడే శ్రుతి దాదాపు ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉన్నంత దూరం) కిందికి దిగుతుంది. నిన్నటి కొలతకి అలవాటుపడిన కండరాలకి ఇవాళ్టి కొలత కొత్త, అందుకే పగుళ్ళు. కొందరికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి ఏడాది దాటుతుంది. పూర్తిగా స్థిరపడడానికి ఇంకా సమయం పడుతుంది. ఆడపిల్లలకీ గొంతు మారుతుంది, అంతగా తెలియదు. గాలి కలిసినట్టు, కాస్త బొంగురుగా కొన్నాళ్ళు ఉంటుంది. వేకువ గారు కూడా గమనించండి.

పాడడం మానిపించకండి. హాయిగా పలికే నాలుగైదు స్వరాల్లోనే పాడనివ్వండి, శ్రుతి దించండి. పాత శ్రుతిలో పైస్థాయిని బలవంతంగా అందుకోమనడం, స్టేజీ ఒప్పుకున్నాం కదా అని అదే పాటని అదే ఎత్తులో పాడించడం, ఈ రెండూ హాని చేస్తాయి. ఈ ఖాళీలో లయ, స్వరజ్ఞానం, ఒక వాయిద్యం, సంగీతం రాయడం చదవడం నేర్చుకుంటే గొంతు తిరిగి వచ్చేసరికి సంగీతకారుడుగా ఎంతో ముందుంటాడు.

గొంతు జాగ్రత్తలు నటులకీ గాయకులకీ ఒకటే. నీళ్ళు తాగుతూ ఉండాలి. ఊరికే గొంతు సవరించుకోవడం తగ్గించాలి. బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు, దానివల్ల కూడా ఒత్తిడి పడుతుంది, మాట్లాడకుండా ఉండడమే మేలు. జలుబు లేకుండా బొంగురు మూడు వారాలు దాటితే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించండి. "రియాజ్ (పాట సాధన) చేస్తే పోతుంది" అని ఎవరన్నా వినకండి.

చెవుల సంగతి కూడా చెప్పాలి. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు మించకూడదని వృత్తి ఆరోగ్య నిపుణులు లెక్క కట్టారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం అవుతుంది. అంటే 100 దగ్గర దాదాపు 15 నిమిషాలే. డ్రమ్స్ పక్కన, పెద్ద స్పీకర్ల ముందు గంటల తరబడి రిహార్సల్ చేసే పిల్లలకి సంగీతకారుల ఇయర్‌ప్లగ్స్ కొనివ్వండి. పోయిన వినికిడి తిరిగి రాదు.

అందెలసవ్వడి:

నాదబిందువు గారు గొంతు గురించి చెప్పారు కాబట్టి శరీరం గురించి నేను చెబుతాను. నృత్యం నేర్పుతాను, గాయాలైన పిల్లల్ని మళ్ళీ సాధనలోకి తీసుకొచ్చే పని కూడా చేస్తాను.

పిల్లలు ఒక్కసారిగా పొడుగయ్యే కాలం ఉంటుంది. సగటున ఆడపిల్లలకి 12 ఏళ్ళ దగ్గర, మగపిల్లలకి 14 దగ్గర వేగం ఎక్కువ. ఎముకలు ముందు పెరుగుతాయి, కండరాలు వెనకబడతాయి. నిన్నటిదాకా నుదుటిని మోకాలికి ఆనించిన పిల్ల ఇవాళ వంగలేదు, చక్రం తిరిగితే తూలుతుంది. తల్లిదండ్రులు బద్ధకం అనుకుంటారు, కొందరు గురువులు కూడా అలాగే అనుకుంటారు. పిల్ల మాత్రం నా పని అయిపోయింది అనుకుంటుంది. ఆ కొన్ని నెలలూ గెంతులు తగ్గించి, బలం, నిలకడ, సంగీతం మీద పనిచేయించాలి. ఎముకల చివర పెరుగుదల జరిగే మెత్తని భాగాలు అప్పుడు బలహీనంగా ఉంటాయి. మోకాలి చిప్ప కిందో మడమలోనో వచ్చే నొప్పిని ఓర్చుకో అనకూడదు. బలవంతంగా పైనుంచి నొక్కి సాగదీయించే పద్ధతి ఎక్కడ కనబడినా పిల్లని తీసుకుని బయటికి రండి.

బ్యాలేలో మునివేళ్ళ మీద నిలబెట్టడం కూడా ఇంతే. సాధారణంగా 11, 12 ఏళ్ళకి ముందు మొదలుపెట్టరు. వయసొక్కటే చాలదు, పాదం, చీలమండ, నడుము బలం చూసి గురువు నిర్ణయించాలి. పక్క పిల్లకి బూట్లు ఇచ్చారు మా పిల్లకి ఇవ్వలేదేమని గురువు దగ్గరికి గొడవకి వెళ్ళే తల్లిదండ్రులు కాసేపు ఆగి ఆలోచించాలి.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది. తిండి. సన్నగా ఉంటేనే వేషం అన్న మాట ఈ పిల్లల చెవిలో పడుతూనే ఉంటుంది. సాధనకి సరిపడా తినకపోతే శరీరం ఒక్కో పనినీ ఆపుకుంటూ పోతుంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది, ఆటగాళ్ళకే కాదు నర్తకులకీ వర్తిస్తుంది, మగపిల్లలకీ వస్తుంది. ఆడపిల్లల్లో నెలసరి ముందు లెక్క తప్పుతుంది. 15 ఏళ్ళు నిండినా మొదలు కాకపోయినా, మొదలయ్యాక మూడు నెలలు రాకపోయినా "డాన్స్ చేసే పిల్లలకి మామూలే" అని వదిలెయ్యకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఎముకలు గట్టిపడే వయసు ఇదే, ఇప్పుడు పోగొట్టుకున్నది తర్వాత పూర్తిగా రాదు. ఎముకలో సన్నని పగుళ్ళు పదేపదే వచ్చే పిల్లల వెనక చాలాసార్లు ఇదే కారణం ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో 1973 నుంచి జరుగుతున్న ప్రి ద లోసాన్ పోటీకి 15 నుంచి 18 ఏళ్ళ నర్తకులు వస్తారు. అక్కడ కూడా పోటీకి ముందు పిల్లల ఆరోగ్య వివరాలు అడిగి చూస్తారు.

ఇంట్లో పిల్లల బరువు గురించి మాట్లాడకండి. మెచ్చుకోలుగా కూడా వద్దు. "సన్నబడ్డావు, బాగున్నావు" అన్న మాట ఎంత దూరం వెళ్తుందో చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

వేకువ:

అందెలసవ్వడి గారూ, ఆ చివరి మాట మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. థాంక్స్ అండి.

ఇంకో సంగతి. పాప స్నేహితురాలు పెట్టిన వీడియో చూసి ఒకాయన పాపకే మెసేజ్ చేశాడు. క్యాస్టింగ్ ఏజెన్సీ అట. "నీకు మంచి భవిష్యత్తు ఉంది, ముందు మా ఫొటోగ్రాఫరు దగ్గర పోర్ట్‌ఫోలియో తీయించాలి, రిజిస్ట్రేషన్ డబ్బు ఈ వారంలోగా కట్టాలి" అన్నాడు. పాప ఎగిరి గంతేస్తోంది. నాకు ఎందుకో మనసు ఒప్పడం లేదు.

తెరవెనుక:

కట్టకండి. ఏజెంటు మీ అమ్మాయికి పని ఇప్పించి, ఆ సంపాదనలో వాటా తీసుకోవాలి. పని రాకముందే డబ్బు అడిగేవాడు ఆ డబ్బు మీదే బతుకుతున్నాడు. ఫలానా ఫొటోగ్రాఫరు దగ్గరే తీయించాలనడం, గడువు పెట్టి తొందరపెట్టడం, పెద్దవాళ్ళని వదిలి పిల్లకే మెసేజ్ చెయ్యడం, ఈ మూడూ మీకు ఎదురైనవే. ఆ ఏజెన్సీ గతంలో ఎవరికి పని ఇప్పించిందో అడగండి, వాళ్ళతో మీరే మాట్లాడతానని చెప్పండి. ఈ వయసులో ఖరీదైన ఫొటోలు ఎందుకూ పనికిరావు, ఏడాదికి మొహం మారిపోతుంది. పగటి వెలుతురులో, మేకప్ లేకుండా, తను తనలాగే కనబడే ఫొటో ఒకటి చాలు.

రంగభూమి:

తెరవెనుక గారి మాటకి నాది కూడా కలపండి. ఇంకొంచెం చెబుతాను, ఇది మా వృత్తిలో ఉన్నవాళ్ళే ముందుగా మాట్లాడాలి.

పిల్లని ఎక్కడికి పంపినా క్లాసు తలుపు తెరిచి ఉండాలి, లేదా బయటి నుంచి కనబడాలి. ఒంటరిగా హోటల్ గదిలోనో ఇంట్లోనో ఆడిషన్ అనేది ఉండకూడదు. గురువు రాత్రిళ్ళు పిల్లకి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, ఏదైనా ఉంటే తల్లిదండ్రులున్న గ్రూపులో పెట్టాలి. భంగిమ సరిచెయ్యడానికి తాకాల్సి వస్తే ముందు అడగాలి, పిల్ల వద్దంటే మాటల్లో చెప్పాలి. "ఈ రంగంలో సిగ్గు ఉండకూడదు" అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా జాగ్రత్త పడండి. సిగ్గుని దాటడం వేరు, హద్దుని చెరపడం వేరు, మంచి గురువులకి ఆ తేడా బాగా తెలుసు. తనకి ఇబ్బందిగా ఉన్న సీను చెయ్యనంటే వేషం పోతుందేమో, పోనివ్వండి. అలా అన్నందుకు ఇంట్లో ఎవరూ ఏమీ అనరని మీ అమ్మాయికి ముందే తెలిసి ఉండాలి. ఏదైనా జరిగితే దాచుకోకుండా మీ దగ్గరికి వచ్చే దారి అప్పుడే తెరిచి ఉంటుంది.

పదిహేడు:

నేను ఇక్కడ అందరికంటే చిన్నదాన్ని అనుకుంటా, 17 ఏళ్ళు. డాన్స్‌లో శిక్షణకి ఈ ఏడాది ఆడిషన్లు ఇస్తున్నాను. తల్లిదండ్రులకి మా వైపు నుంచి కొన్ని చెప్పొచ్చా?

ఆడిషన్ నుంచి బయటికి రాగానే "ఎలా చేశావు? వస్తుందా?" అని అడగొద్దు ప్లీజ్. మాకే తెలియదు. ముందు ఏదైనా తినిపించండి. మేమే మాట్లాడతాం, కాసేపయ్యాక. మా వీడియోలు మమ్మల్ని అడగకుండా బంధువుల గ్రూపుల్లో పెట్టొద్దు, బాగోలేని వీడియో నలుగురూ చూశారంటే మాకు రెండు రోజులు సాధన మీద మనసు నిలవదు. క్లాసుకి దింపడం, మోకాలికి చుట్టుకునే పట్టీ ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం, ఇవి చిన్నవి అనుకోకండి. మా నాన్నకి డాన్స్ గురించి ఏమీ తెలియదు. నేను రికార్డ్ చేసుకోవాలంటే ఎంత రాత్రైనా ఫోన్ పట్టుకుని నిలబడతారు, ఒక్క మాట కూడా అనరు. నాకు అది చాలు.

ఒక టెన్షన్ మాత్రం ఉంది. నేను 14కి మొదలుపెట్టాను. నాతో ఆడిషన్‌కి వచ్చేవాళ్ళంతా ఐదారేళ్ళ వయసు నుంచి నేర్చుకుంటున్నవాళ్ళే. ఆలస్యమైపోయిందా?

అందెలసవ్వడి:

చిట్టితల్లీ, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆలస్యం అన్నది నువ్వు ఎంచుకున్న నృత్యాన్ని బట్టి ఉంటుంది. మిస్టీ కోప్‌లాండ్ బ్యాలే మొదలుపెట్టింది 13 ఏళ్ళకి, 2015లో అమెరికన్ బ్యాలే థియేటర్ అనే బృందంలో ప్రిన్సిపల్ డాన్సర్ (అన్నిటికంటే పై హోదా) అయిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ ఆవిడే. పేరుమోసిన బ్యాలే నర్తకుడు రుడాల్ఫ్ నురియెవ్ రష్యాలోని లెనిన్‌గ్రాడ్ బ్యాలే స్కూల్లో చేరింది 1955లో, 17 ఏళ్ళకి. మార్తా గ్రాహం 22 ఏళ్ళప్పుడు శిక్షణ మొదలుపెట్టి ఆధునిక నృత్యానికి కొత్త పద్ధతినే తయారుచేసింది. వీళ్ళు అరుదైనవాళ్ళు, అందరికీ అలా జరుగుతుందని నేను చెప్పను. బ్యాలేలో ఆలస్యానికి మూల్యం ఎక్కువ. సమకాలీన నృత్యంలో, నాట్యంతో కూడిన రంగస్థలంలో ఆలస్యంగా వచ్చినవాళ్ళకి చాలా చోటుంది. వెనకబడ్డానని రెట్టింపు గంటలు చేసి గాయం తెచ్చుకోకు, నేను భయపడేది దానికే. నీ గురువుని సూటిగా అడుగు: ఈ ఏడాది నేను ఏ రెండు విషయాల మీద పనిచెయ్యాలి? రెండే.

నాదబిందువు:

గంటల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పనివ్వండి. పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణులవుతారని పిల్లలు పట్టుకుని వేలాడుతున్నారు. ఆ అంకె 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం నుంచి వచ్చింది. బాగా వాయించేవాళ్ళు 20 ఏళ్ళు వచ్చేసరికి సగటున చేసిన సాధన అది. అంత చేస్తే చాలు అని ఆయన ఎక్కడా అనలేదు. అందులోనే ఉన్న ఇంకో విషయం ఎవరూ చెప్పరు. ఆ మంచి విద్యార్థులు సాధనని విడతలు విడతలుగా చేసుకునేవాళ్ళు, మధ్యాహ్నం కునుకు తీసేవాళ్ళు, మిగతావాళ్ళకంటే ఎక్కువ నిద్రపోయేవాళ్ళు. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సూచన. స్కూలు, ట్యూషను, రాత్రి రిహార్సలు, మళ్ళీ తెల్లవారుజామున సాధన. ఇందులో ఏది తగ్గించాలో పెద్దవాళ్ళే చెప్పాలి, పిల్లలు తమంతట తాము తగ్గించుకోరు.

లెక్కలమాస్టారు:

ఒక సూటి ప్రశ్న. 15 ఏళ్ళకే మామూలు స్కూలు మానిపించి పూర్తికాలం శిక్షణలో పెడుతున్నవాళ్ళని చూస్తున్నాను. దీనికి మీరంతా ఏమంటారు?

రంగభూమి:

నటనకైతే అవసరం లేదు మాస్టారూ, నేను ఒప్పుకోను. నటుడికి చరిత్ర, సాహిత్యం, మనుషుల్ని చదవడం కావాలి. ఇందాక చెప్పినట్టు డిగ్రీ అడిగే సంస్థలూ ఉన్నాయి, స్కూలు వదిలితే ఆ తలుపు మూసుకుపోతుంది.

అందెలసవ్వడి:

బ్యాలేలో పూర్తికాలం శిక్షణ చిన్న వయసులోనే మొదలవుతుంది, వృత్తి జీవితమూ త్వరగా మొదలై త్వరగా ముగుస్తుంది కాబట్టి. కానీ మంచి బ్యాలే స్కూళ్ళలో చదువు కూడా అక్కడే చెబుతారు. చదువు అసలు లేని చోటికి నా పిల్లని పంపను. గాయం ఎవరికైనా, ఏ రోజైనా రావచ్చు.

తెరవెనుక:

నా అభిప్రాయం కొంచెం వేరు. బడిలో రోజూ నరకం అనుభవించే పిల్ల ఉంటుంది, రిహార్సల్లోనే ఊపిరి పీల్చుకునే పిల్ల. అలాంటి పిల్లకి ఇంటి నుంచి పరీక్షలు రాసే ఏర్పాటు చేసి సాధనకి సమయం ఇవ్వడం తప్పని నేను అనలేను. పరీక్షలు మాత్రం రాయాలి.

వేకువ:

ఏజెన్సీ ఆయనకి మీరు చెప్పినట్టే అడిగాను. జవాబు లేదు, నంబరు కూడా బ్లాక్ చేశాడు. పాప ఒక రోజంతా మాట్లాడలేదు, తర్వాత ఈ చర్చ మొత్తం తనే చదివింది. ఇప్పుడు తన ప్రశ్న: వచ్చే ఏడాది ఒక యువ నాటక శిబిరానికి వీడియో ఆడిషన్ పంపాలట. ఏ సన్నివేశం ఎంచుకోవాలి, ఎలా తీయాలి?

రంగభూమి:

తన వయసుకి దగ్గరగా ఉన్న పాత్ర. 15 ఏళ్ళ పిల్ల 50 ఏళ్ళ రాణి వేషం వేస్తే చూసేవాళ్ళకి వేషమే కనబడుతుంది, పిల్ల కనబడదు. మొదటి నుంచి చివరిదాకా ఏడుపో అరుపో ఉన్న సన్నివేశం వద్దు. పాత్రకి ఎదుటివాళ్ళ నుంచి ఏదో కావాలి, దానికోసం మధ్యలో దారి మార్చాలి, అలాంటిది వెతకండి. రెండు నిమిషాలు దాటకూడదు, వాళ్ళు వేరే నిడివి చెబితే అదే పాటించండి. సినిమాలో అందరికీ తెలిసిన సీను వద్దు, చూసేవాళ్ళు ఆ నటితో పోల్చుకుంటూ కూర్చుంటారు. కాలేజీ ఆడిషన్లలో చాలాచోట్ల పాత నాటకం ఒకటి, ఆధునిక నాటకం ఒకటి అడుగుతారు కాబట్టి ఇప్పటి నుంచే రెండు రకాలూ చదువుతూ ఉండాలి.

తీయడానికి ఫోన్ చాలు. అడ్డంగా పెట్టి, కదలకుండా దేనికైనా ఆనించండి. వెనక ఏ బొమ్మలూ లేని గోడ. వెలుతురు ముందు నుంచి పడాలి, కిటికీ వెనక ఉంటే మొహం నల్లబడుతుంది. ఛాతీ నుంచి తల వరకు కనబడితే చాలు. మాట్లాడుతున్న మనిషి కెమెరా పక్కనే నిలబడ్డట్టు ఊహించుకోవాలి, వాళ్ళు అడిగితే తప్ప లెన్స్‌లోకి చూడకూడదు. ఫ్యాను కట్టెయ్యండి, మాట వినబడకపోతే మిగతావన్నీ వృథా. ఎదుటి పాత్ర మాటలు మీరు చదవాల్సి వస్తే మామూలుగా, మెల్లగా చదవండి, మీరు నటించకండి. నాలుగైదు సార్లు తీసి ఒకటి పంపెయ్యండి. ముప్ఫై సార్లు తీస్తే మొదట్లో ఉన్న ప్రాణం పోతుంది.

పంపాక రాకపోవచ్చు. ఎందుకు రాలేదో చాలా చోట్ల చెప్పరు. ఎత్తు, గొంతు, అప్పటికే తీసుకున్నవాళ్ళతో జోడీ కుదరడం, ఇలా తన చేతిలో లేని కారణాలు ఎన్నో ఉంటాయి. అది తనకి పంపకముందే చెప్పండి, రాకపోయాక చెబితే ఓదార్పులా వినబడుతుంది.

పదిహేడు:

నేను రాకపోయినవి ఒక నోటుబుక్కులో రాసుకుంటాను, ఏం అడిగారు, ఏం చేశాను, తర్వాత ఏం మార్చుకోవాలి అని. ఫలితం వచ్చేలోపే రాసేస్తాను. అక్కా, అంటే వేకువ ఆంటీ వాళ్ళ అమ్మాయి, నువ్వు ఇది చదువుతుంటే కావాలంటే నువ్వూ చేసి చూడు.

వేకువ:

చదువుతోంది తల్లీ, నా పక్కనే కూర్చుంది. నీకంటే చిన్నదే, అక్కా అనకు. రెండు నాటకాలు తెచ్చుకుంది, మా వారు రాత్రి తనతో పాటు ఎదుటి పాత్ర చదివారు. సరే అన్నారా అంటే ఇంకా అనలేదు. కాలేజీల అర్హతలన్నీ ఒక కాగితం మీద రాసింది మాత్రం ఆయనే.

లెక్కలమాస్టారు:

నాదబిందువు గారూ, మీరు చెప్పింది మావాడికి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే తగ్గించి పాడొచ్చా?" అన్నాడు. వాళ్ళ గురువుగారితో మాట్లాడాను, శ్రుతి దించడానికి ఆయన ఒప్పుకున్నారు. ఎంత దించాలి అన్నదే ప్రశ్న.

నాదబిందువు:

మంచి గురువు దొరికారు. అంకె పెట్టుకోకండి. అబ్బాయిని మామూలుగా మాట్లాడమనండి, ఆ మాట ఏ స్వరం దగ్గర ఉందో గురువుగారు వింటారు. దానికి కాస్త పైనా కాస్త కిందా ఇబ్బంది లేకుండా పలికేవి చూసి, పాట ఆ మధ్యలో ఉండేట్టు శ్రుతి పెట్టాలి. రెండు మూడు వారాలకోసారి మళ్ళీ చూసుకోవాలి, ఇప్పుడు మారుతూనే ఉంటుంది. వచ్చే నెల ఎలా ఉందో ఇక్కడే రాయండి.